ఆమె రాయని నాలుగు ఉత్తరాలు

తలుపు మూసింది చీఫే. గడియ పెట్టింది కూడా అతనే. పోయిన వారం వాళ్ళిద్దరినీ మనం అక్కడే వదిలి వచ్చాం: బట్టల బీరువాకి అన్నలాంటి ఆ రేడియో గదిలో, ఒకరి మోకాళ్ళు ఒకరికి తగిలేంత దగ్గర్లో.

ఈ వారమే బోటెక్కినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఏడాదిపాటు సముద్రంలో ఉండి రమ్మని పంపిన జలాంతర్గామి ఇది. తొమ్మిదో నెల నడుస్తోంది. పద్దెనిమిది రోజులుగా పరాయి దేశపు జలాంతర్గామి ఒకటి ముందు పోతుంటే, ఇది దాని వెనకాలే, దానికి తెలియకుండా పోతోంది. నీళ్ళ కింద కళ్ళకి పనిలేదు. చూపంతా చెవులదే. ఆ చెవులు చీఫ్‌వి. సోనార్ గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటే, మైళ్ళ అవతల తిరుగుతున్న ప్రొపెల్లర్‌కి ఎన్ని రెక్కలో, అందులో ఏ రెక్క అంచు చితికిందో చెప్పేస్తాడు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఎదురుగా అందరూ చీఫ్ అంటారు, వెనక ‘చెవులు’ అంటారు. అదీ అతనికి వినపడుతుంది.

వారానికోసారి ఒక్కొక్కరికి ఇంటినుంచి నలభై మాటలకి మించకుండా ఒక సందేశం వస్తుంది. బోటులో దాన్ని ఉత్తరం అంటారు. వెనకాల ఈడ్చుకుపోయే పొడవాటి తీగ మీద అది అందుతుంది. తిరుగు జవాబు ఉండదు. మనం నోరు విప్పితే ఎక్కడున్నామో లోకానికంతా తెలిసిపోతుంది. ఆ ఉత్తరాలు అందుకుని, కాగితం మీద అచ్చు తీసి, మడిచి పంచేవాడు రేడియో మనిషి. వాడికి తంతి అని పేరు పెట్టారు.

నాలుగు వారాలుగా వస్తున్న ఉత్తరాలు తన భార్య రాసినవి కావని చీఫ్‌కి అనుమానం. ఆ అనుమానంతోనే, మధ్యాహ్నం భోజనాలయ్యాక, గడియ పెట్టాడు.

“కూర్చో,” అన్నాడు.

తంతి అప్పటికే కూర్చుని ఉన్నాడు. 

చీఫ్ జేబులోంచి నాలుగు కాగితాలు తీసి యంత్రం మీద పరిచాడు. “చదువు.”

“అన్నా, ఇవి మీ ఇంటి ఉత్తరాలు. నేను చదవకూడదు.”

“అచ్చు తీసేటప్పుడు కళ్ళు మూసుకుని తీస్తావా? చదువు. పైకి.”

తంతి గొంతు సవరించుకున్నాడు. “బావా, ఇక్కడ అందరం బాగున్నాం. పాప పరీక్షలు బాగా రాసింది. అత్తగారు వేళకి భోంచేస్తున్నారు. పక్కింటి పిల్లి మన మెట్ల కింద నాలుగు పిల్లల్ని పెట్టింది…”

“ఆగు. ఎవరీ అత్తగారు?”

“మీ అమ్మగారు.”

“మా ఆవిడ మా మేనమామ కూతురు. మా అమ్మ దానికి పుట్టినప్పటినుంచీ అత్త. ఉయ్యాల్లో ఉన్నప్పుడు అత్త, పెళ్ళయ్యాకా అత్తే. అత్త తింది, అత్త తిట్టింది, అత్త కళ్ళజోడు మీద కూర్చుంది. మా ఇంటి వ్యాకరణం అది. పదహారేళ్ళ కాపురంలో ‘అత్తగారు భోంచేస్తున్నారు’ అన్న మాట దాని నోట రాలేదు. వస్తే మా అమ్మే డాక్టర్ని పిలుస్తుంది.”

“ఏదో ఉత్తరం కదా అని, గౌరవంగా…”

“గౌరవమా? మా ఇంట్లోనా?”

తంతి నవ్వబోయాడు. నవ్వు సగంలో చచ్చిపోయింది.

“ఇంకోటి విను. ఇందులో ముప్పై నాలుగు మాటలున్నాయి. ఇదిగో ఇందులో ముప్పై ఆరు. మా ఆవిడ చెవిటి పిల్లల బడిలో టీచరు. ఒక్కో పిల్లాడి నోట ఒక్కో మాట పలికించడానికి నెలలు పడుతుంది దానికి. నలభై మాటలిస్తే నలభై వాడుతుంది. చోటు చాలకపోతే రెండు మాటల్ని అతికించి ఒకటి చేస్తుంది. ఎనిమిది నెలల్లో ఒక్కసారీ ముప్పై తొమ్మిది రాయలేదు. ఆరు మాటలు గాలికొదిలేసే మనిషి కాదు అది. పైగా అందరం బాగున్నాం అట! ఏనాడైనా దాని ఉత్తరంలో అందరూ బాగున్నారా? కుళాయి కారుతోందనో, నాకు పొగరనో, ఏదో ఒకటి ఉండి తీరుతుంది.”

చీఫ్ వాడి మొహం చూడలేదు. మొహాలు చదవడం అతనికి ఎప్పుడూ రాలేదు. ఊపిరి వినడం వచ్చు. తంతి ఊపిరి పైపైనే ఆడుతోంది. ఇంజను చల్లబడుతున్నప్పటి ఇనుములా మధ్యమధ్య చిటుక్కుమంటోంది.

“ఒరేయ్,” అన్నాడు చీఫ్ చాలా మెల్లగా. “మా ఆవిడ ఉత్తరాలు ఎవరు రాస్తున్నారు?”

“నేనే అన్నా.”

గదిలో ఫ్యాను తిరుగుతోంది. దాని బేరింగులో ఇసుక రేణువంత గరుకు ఉందని చీఫ్‌కి వినిపించింది. ఇలాంటప్పుడు కూడా అవే వినిపిస్తాయి.

“ఎందుకు రాశావు?”

“రాయమన్నారు.”

“ఎవరు?”

“నాకు ఈ పని చెప్పగలిగేవాళ్ళు ఎందరున్నారన్నా ఇక్కడ? పెద్దాయనే. కెప్టెన్.”

“మరి అసలు ఉత్తరాలేవి?”

“రాలేదు. నాలుగు వారాలకింద మీ ఇంటినుంచి రావడం ఆగిపోయింది.”

“ఎందుకాగింది?”

“అది నన్నడక్కండి. మీ కాళ్ళు పట్టుకుంటాను, అది మాత్రం అడక్కండి.” తంతి రెండు అరచేతులతో మొహం రుద్దుకున్నాడు. “మీకోసం ఒక ఇల్లు కట్టి నాలుగు వారాలు నడిపానన్నా. పాపకి పరీక్షలు పెట్టాను, మార్కులు వేశాను. పిల్లికి పిల్లల్ని పుట్టించాను. ఆ పిల్లి పిల్లల సంగతి మీరు భోజనాల దగ్గర అందరికీ చెప్పి నవ్వుతుంటే నాకు ముద్ద దిగలేదు.”

చీఫ్ కాగితాలు ఏరుకున్నాడు. మడిచాడు. మళ్ళీ విప్పి ఒకటి చూశాడు.

“పిల్లి కూడా అబద్ధమేనా?” అన్నాడు.

*

రేడియో గది నుంచి కెప్టెన్ గదికి ఇరవై ఆరు అడుగులు. ఆ నడవాలో ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకి అతుక్కోవాలి. ముందు పోయే బోటుకి వినపడకూడదని పద్దెనిమిది రోజులుగా అందరూ రబ్బరు చెప్పుల్లో పిల్లుల్లా తిరుగుతున్నారు. బట్టలుతికే యంత్రం ఆపేశారు. వంటాయన గిన్నెల కిందా మూతల కిందా తువ్వాళ్ళు వేస్తాడు. గరిట జారితే అరచెయ్యి అడ్డం పెట్టి పట్టుకుంటాడు. ఆ అరచేతికి ఇప్పుడు మూడు కట్లు.

“టీ చీఫ్?” అని గుసగుసగా అడిగాడు వంటాయన వంటగది కిటికీలోంచి. “మీకని కాస్త చిక్కగా పెట్టాను.”

ఎప్పుడూ లేనిది, ‘మీకని’ ఏమిటి? చీఫ్ ఆగాడు. పదిరోజుల కింద తన పళ్ళెంలో రెండో కేకు ముక్క పడింది. లెక్కతప్పి వేశాడనుకున్నాడు. టార్పెడో మెకానిక్ చదరంగంలో వరసగా మూడాటలు ఓడిపోయాడు, ఇన్ని నెలల్లో ఒక్కసారీ ఓడని మనిషి. డాక్టరు నిద్ర పడుతోందా అని అడిగాడు. బోటులో నూట నాలుగు మంది. ఎంతమందికి తెలుసు? తను హెడ్‌ఫోన్ పెట్టుకుని సముద్రాన్నంతా వింటుంటే, వెనకాల నూట ముగ్గురూ తన గురించే గుసగుసలాడుకుంటున్నారా?

“టీ వద్దు,” అన్నాడు.

కెప్టెన్ తలుపు తీసే ఉంది. చీఫ్ కంటే నాలుగేళ్ళు చిన్నవాడు ఆయన. ఇద్దరూ కలిసి పనిచేస్తున్న మూడో బోటు ఇది. మడత బల్ల మీద పటం, పక్కన సగం కొరికిన బిస్కెట్టు. చీఫ్ చేతిలోని నాలుగు కాగితాలు చూసి ఆయన బిస్కెట్టు పక్కకి జరిపాడు.

“కూర్చోండి చీఫ్.”

“నిలబడతాను సార్.”

“సరే.” ఆయన లేచి, మంచం తలాపున గోడలో ఉన్న ఇనప పెట్టె తెరిచాడు. అట్ట ఫైలు తీసి, అందులోని ఒక ఫారం తిప్పి చీఫ్ వైపు పెట్టాడు. “ఇది గుర్తుందా?”

గుర్తుంది. బయల్దేరే ముందు ప్రతివాడూ నింపాల్సినది. సముద్రంలో ఉండగా ఇంట్లో ఏదైనా కష్టం జరిగితే మీకు చెప్పాలా? ‘వెంటనే తెలియజేయండి’ అని ఒక గడి. ‘తీరం చేరేదాకా తెలియజేయవద్దు’ అని ఇంకో గడి. టిక్కు రెండో గడిలో ఉంది. కింద సంతకం తనది.

“సంతకం మీదే కదా?”

“నాదే.”

“అయితే నా చేతులు కట్టేసింది మీరే.”

చీఫ్ ఆ టిక్కు వంకే చూశాడు. బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు, భోజనాల బల్ల మీద పదకొండు ఫారాలు. అతనికి ఫారాలంటే చిన్నప్పటినుంచీ జ్వరం. “నువ్వు సంతకాలు గిలికి పడుకో బావా, మిగతాది నేను చూసుకుంటాను,” అంది ఆమె. పదకొండు చోట్ల గిలికి పడుకున్నాడు. అంటే ఈ గడి ఆమె ఎంచుకుంది. మొహమాటానికి కూడా ఒక అబద్ధం ఆడలేని మనిషి, మొగుడికి నిజం చెప్పొద్దని టిక్కు పెట్టింది. కోపం వచ్చింది అతనికి. ఎనిమిది నెలలుగా మొద్దుబారి ఉన్న చోటేదో ఒక్కసారి సలిపినట్టు, ఆమె మీదే కోపం వచ్చింది.

“దొంగ ఉత్తరాలు రాయించమని కూడా ఈ ఫారంలో ఉందా సార్?” అన్నాడు.

కెప్టెన్ ఇనప పెట్టె తలుపు మూశాడు. 

“లేదు. అది నా పాపమే. ఇంటినుంచి ఉత్తరాలు ఆగాయి. ఒక వారం రాకపోతే మీరు సర్దుకుంటారు. రెండో వారం రాకపోతే మీ మనసు ఇంటి చుట్టూ తిరుగుతుంది. మీ మనసు ఇక్కడ లేకపోతే నా బోటు గుడ్డిది చీఫ్. వీళ్ళందరి ప్రాణాలూ ఒక పక్క, మీకు నిజం చెప్పడం ఒక పక్క. అడకత్తెరలో పోకచెక్కలా అయ్యాను. తప్పో ఒప్పో, తీరం చేరాక మీరు నన్ను ఏమన్నా పడతాను.”

“నేను ఇప్పుడే అడుగుతున్నాను సార్.”

“ఫారం ప్రకారం…”

“ఫారం అవతల పెట్టండి. నా భార్య ఉందా?”

“ఉంది. బాగుంది.”

“పాప?”

“పాప బాగుంది.”

మూడో ప్రశ్న చీఫ్ నోటిదాకా వచ్చింది. అడగలేదు. కెప్టెన్ చెప్పనూ లేదు, పొడవుగా ఊపిరి వదిలాడు. ఇద్దరి మధ్యా మడత బల్ల, దాని మీద బిస్కెట్టు పొడి. ఆ మౌనమే జవాబు అనుకున్నాడు చీఫ్.

అమ్మ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్పై ఒక్కేళ్ళు పనిచేసింది. చెవికి రిసీవరు పెట్టుకుని, రంధ్రాల్లో తీగలు గుచ్చి, ఊళ్ళకి ఊళ్ళని కలిపేది. అవతలివాళ్ళు హలో అనకముందే, ఊపిరి విని ఎవరో చెప్పేదని ప్రతీతి. ఇంట్లో దొంగతనంగా ఏ డబ్బా మూత తీసినా వంటింట్లోంచి, “చెయ్యి తియ్యి,” అని కేక. తన చెవులు ఎవరివని అడిగినప్పుడల్లా చీఫ్ మా అమ్మవి అనేవాడు. ఆవిడ పోయిందా? ఎప్పుడు? ఎవరు మోశారు? కొడుకు నీళ్ళ కింద పిల్లి పిల్లల కబుర్లు చెప్పి నవ్వుతున్న రోజునా?

అతను కూలబడ్డాడు. కెప్టెన్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“ఈ పూటకి మిమ్మల్ని డ్యూటీ నుంచి తప్పిస్తున్నాను. పడుకోండి.”

గోడ మీద ఫోను కిర్రుమంది. కెప్టెన్ తీశాడు. సోనార్ గదినుంచి. చీఫ్ కూర్చున్న చోటికే ఆ గొంతు వినపడింది: “సార్, వాడి చప్పుడు మారుతోంది. పల్చబడుతోంది. దూరం పోతున్నాడో, ఆగుతున్నాడో నాకు తెలియడం లేదు.”

“తిరుగుతున్నాడు,” అన్నాడు చీఫ్, లేచి నిలబడుతూ. 

*

ఏ జలాంతర్గామికైనా తన తోక వైపు చెవుడే. సొంత ప్రొపెల్లర్ రొదలో వెనకున్నది వినపడదు. అందుకే అప్పుడప్పుడు ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, తన వెంట ఎవరైనా పడ్డారేమోనని వింటుంది. అలా తిరిగే వేళకి వెనకున్నవాడు ఉలుకూ పలుకూ లేకుండా ఆగిపోవాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే దొరికిపోతాడు. ఇంకాస్త ఆలస్యమైతే గుద్దుకుంటాడు.

సోనార్ గదిలో ఉన్నవాడు చీఫ్‌ని చూసి కుర్చీ ఖాళీ చేశాడు. చీఫ్ హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. అడుగునున్న నీళ్ళ గుసగుస, ఎక్కడో రొయ్యల చిటపట, వాటి వెనక మెత్తగా, నూలు వడుకుతున్నట్టు, ఆ ప్రొపెల్లర్.

“ఎడమకి తిరిగాడు. మన మీదకే వస్తున్నాడు. ఇంజను ఆపండి సార్.”

ఆగింది. ఫ్యాన్లు ఆగాయి. నూట నలుగురు ఎక్కడివాళ్ళక్కడ శిలలయ్యారు. బోటు తన బరువు మీద తాను మెల్లగా జారుతోంది. కెప్టెన్ చీఫ్ వెనక నిలబడ్డాడు. ఎవరిదో చెమట బొట్టు బల్ల మీద పడితే అది కూడా వినపడింది.

“ఎంత దూరం?”

చీఫ్ వేళ్ళతో చూపించాడు. ఎనిమిది వందల గజాలు. తర్వాత ఆరు వందలు. తర్వాత చెయ్యి దించేశాడు. ఇక చూపించడానికి లేదు. అవతలి బోటు పక్కనుంచి, తలుపు అవతల ఎవరో నడిచిపోతున్నంత దగ్గరగా పోయింది. దాని కడుపులో ఒక పంపు దగ్గుతోంది. లోపల ఎవరో ఇనుము మీద ఇనుము పెట్టారు. అక్కడా ఒకడు హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఇటే వింటుంటాడు. వాడికీ ఒక తల్లి ఉంటుంది.

ఇరవై మూడు నిమిషాలు గడిచాయి. ఆ చప్పుడు మళ్ళీ ముందుకి తిరిగింది, దూరమైంది, తన దారిన పడింది. వాడు వినలేదు.

“పోయాడు సార్.”

కెప్టెన్ వదిలిన ఊపిరి చీఫ్ మెడమీద వెచ్చగా తగిలింది. “బతికించారు,” అన్నాడాయన.

ఆ ఊపిరే చీఫ్‌ని ఆపేసింది.

అదే ఊపిరి. అరగంట కింద, ఆయన గదిలో, తను మూడో ప్రశ్న అడగకుండా మింగినప్పుడు విన్నది కూడా అచ్చం ఇదే. ప్రమాదం పక్కనుంచి దాటిపోయాక మనిషి వదిలే ఊపిరి. చావు కబురు మోస్తున్నవాడు అలా ఊపిరి వదలడు. తల్లి పోయిందని చీఫ్ అనుకుంటే ఆ మనిషి బరువు దిగినట్టు ఎందుకయ్యాడు? తను ఏం అడగనందుకు అంత సంతోషం?

హెడ్‌ఫోన్ తీసి వెనక్కి చూసేసరికి కెప్టెన్ వెళ్ళిపోయాడు.

*

మూడున్నరకి డ్యూటీ మారింది. చీఫ్ తన పడకకి వెళ్ళలేదు. రేడియో గది తలుపు కొట్టబోతే అదే తెరుచుకుంది. తంతి అతని చొక్కా పట్టి లోపలికి లాగి, ఈసారి తనే గడియ పెట్టాడు.

“మీ అమ్మగారు పోయారని అనుకుంటున్నారట కదా?”

“ఎవరన్నారు?”

“కెప్టెన్ గారు డాక్టరుకి చెబుతుంటే విన్నాను. ఆయన్ని అలాగే అనుకోనివ్వండి అన్నారు.” తంతి వంగి, ఎడం కాలి చెప్పు విప్పి, అట్టకింద నుంచి ఎనిమిది మడతల కాగితం తీశాడు. “మూడు వారాల కింద వచ్చింది. ఆయనకే వచ్చింది. చదివి, ఇది రాలేదు అన్నారు. చెరిపెయ్యమన్నారు. చెరిపేశాను. చెరిపేముందు ఒకటి దాచాను.”

చీఫ్ కాగితం విప్పాడు.

*కెప్టెన్ గారికి. ఇది రెండోసారి రాయడం. మా అత్త ఆస్పత్రిలో ఉంది, తెలివిలోనే ఉంది. డాక్టర్లు నెలా, నెలన్నర అంటున్నారు. కొడుకు నుంచి ఒక్క మాట వస్తే చాలంటోంది. ఫారంలో ‘తెలియజేయండి’ దగ్గర గుర్తు పెట్టింది నేనే, నా చేత్తోనే. దయచేసి బావకి చెప్పండి. చెప్పేదాకా ఇంటినుంచి ఉత్తరాలు రావు. అబద్ధాలు రాయడం నాకు చేతకాదు.*

అక్షరాలు అలుక్కుపోయాయి. మళ్ళీ చదివాడు. రెండు గంటల కింద పోగొట్టుకున్న తల్లి ఈ కాగితంలో బతికే ఉంది. కానీ కాగితానికి మూడు వారాల వయసు.

“జవాబు పంపాలంటే?” అన్నాడు.

“పైకి వెళ్ళాలన్నా. నీళ్ళ మీదకి యాంటెన్నా స్తంభం ఎత్తాలి. పన్నెండు సెకన్లు చాలు. కానీ ఆ పన్నెండు సెకన్లలో మనం ఎక్కడున్నామో చుట్టుపక్కల అందరికీ తెలిసిపోతుంది. పద్దెనిమిది రోజుల వేట బూడిదలో పోసిన పన్నీరే. అందుకే పెద్దాయన…”

“గుర్తు పెట్టింది నేనే అంటోంది. మరి నేను చూసిన ఫారంలో టిక్కు రెండో గడిలో ఉంది.”

“ఆ సంగతి నాకు తెలియదు.”

“ఆ పెట్టె తాళాలు ఎందరి దగ్గరున్నాయి?”

“ఒకటి ఆయన దగ్గర.” తంతి ఆగాడు. “ఇంకోటి నా దగ్గర, సంకేతాల పుస్తకాల కోసం. నేను మార్చలేదన్నా!”

“నువ్వు మార్చావని నేను అనలేదు.”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడా? లేక నిజంగానే బెదిరిపోయాడా? చీఫ్ చేతిలోని కాగితాన్ని కొత్త కళ్ళతో చూశాడు. ఇందులో అత్త ఉంది, అత్తగారు లేదు. ఆ తేడా ఏమిటో రెండున్నర గంటల కింద ఇదే గదిలో, ఈ మనిషికి, విడమర్చి చెప్పింది తనే. నాలుగు వారాలు తన ఇల్లు నడిపినవాడు ఐదో ఉత్తరం రాయలేడా? కానీ రాసి వాడికేం వస్తుంది? కెప్టెన్ మీదకి తనని ఉసిగొల్పడమా? ఈ బోటుని పైకి తేలేలా చెయ్యడమా? పైకి తేలితే లాభం ఎవరికి?

“నన్ను నమ్మడం లేదు మీరు,” అన్నాడు తంతి. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి. కళ్ళ నీళ్ళకి చప్పుడుండదు, అందుకని చీఫ్‌కి వాటితో ఏమీ తేలలేదు.

“ఈ వారం ఉత్తరాలు ఎప్పుడొస్తాయి?”

“నాలుగింటికి. ఇంకో ఆరు నిమిషాలు.”

“లే. ఆ కుర్చీ నాకివ్వు. చేతులు జేబుల్లో పెట్టుకుని గోడకి నిలబడు. యంత్రాన్ని ముట్టుకున్నావో, ఇద్దరం ఇక్కడే తేల్చుకుందాం.”

తంతి లేచాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

నాలుగింటికి యంత్రం మేలుకుంది. కాగితం ముందుకి జరగడం మొదలైంది. ఒక్కో వరసా అచ్చవుతుంటే చీఫ్ రెప్ప వెయ్యకుండా చూశాడు. మొదటిది వంటాయనకి: కూతురికి పళ్ళు వస్తున్నాయట. రెండోది మెకానిక్‌కి: తమ్ముడు ఉద్యోగం మానేశాడు, నాన్న మాట్లాడటం మానేశాడు. పరాయి ఇళ్ళ తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుని మూసుకుంటున్నాయి. డాక్టరుకి ఒకటి. పేరు తెలియని ఎవరి తల్లో రాసింది ఒకటి: స్వెట్టరు వేసుకో. పన్నెండు, పదమూడు. తన సర్వీసు నంబరు రాదు, వచ్చి నాలుగు వారాలైంది. చెప్పేదాకా రాయనన్న మనిషి రాయదు.

పద్నాలుగోది మొదలైంది. పైన తన నంబరు పడింది.

గోడ దగ్గర తంతి, “అన్నా…” అన్నాడు.

“చేతులు జేబుల్లో ఉంచు.”

రాయనన్న మనిషి రాసిందంటే ఏదో జరిగింది. చీఫ్ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. ఒక్కో అక్షరం, ఒక్కో అక్షరం, ఎవరూ మధ్యలో చెయ్యి పెట్టకుండా, అతని కళ్ళెదుటే కాగితం మీదకి దిగింది.

*బావా, నిన్న పొద్దున అత్త*

యంత్రం ఆగింది.

కాగితం ఇంకో రెండు అంగుళాలు తెల్లగా జరిగి నిలిచిపోయింది. చీఫ్ యంత్రం మీద చెయ్యి వేశాడు. వెచ్చగానే ఉంది. కాళ్ళకింద నేల ముందుకి వాలుతోందని అప్పుడు తెలిసింది. బల్ల మీది పెన్సిలు దొర్లి కింద పడింది.

“దిగుతున్నాం,” అన్నాడు తంతి. మొహం పాలిపోయింది. “లోతుకి పోతే తీగ మీదకి ఏమీ అందదన్నా. మిగతాది పోయినట్టే. మళ్ళీ వారానికే.”

వాడు దిగితేనే మనం దిగాలి. పద్దెనిమిది రోజులుగా ఈ బోటు నడక అదే. చీఫ్ గోడ మీది ఫోను అందుకుని సోనార్ గదికి కలిపాడు.

“నేను. ముందున్నవాడు దిగుతున్నాడా?”

సోనార్ గదిలో మనిషి మరోసారి విని చూసుకుంటున్నాడు.

“లేదు చీఫ్. వాడు ఉన్న లోతులోనే ఉన్నాడు. దిగుతున్నది మనమే.”